డ్యాష్‌బోర్డు చెడకుండా కారులో ఫోన్ హోల్డర్ అమర్చడం ఎలా?

కొత్త ఊరికి కారులో బయల్దేరినవారు కూడలి వద్ద ఆగి, కిళ్లీ కొట్టులో దారి అడిగే రోజులు దాదాపు పోయాయి. ఫోన్‌లోని మ్యాపు చూపిన మలుపులోనే బండి తిరుగుతోంది. ఆ ఫోన్ ఒడిలోనో, పక్క సీటుపైనో ఉంటే ప్రతి మలుపునకూ తల దించి చూడవలసి వస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు రెండు సెకన్లలో 33 మీటర్లు ముందుకు పోతుంది. ఆ 33 మీటర్లూ చోదకుడు రోడ్డును చూడకుండా నడిపినట్లే. అందుకే సొంత కార్లవారు, ట్రావెల్స్ డ్రైవర్లు అనే తేడా లేకుండా అందరూ ఫోన్ హోల్డర్లు కొంటున్నారు.

కార్ డెకార్స్ దుకాణాల్లో రెండు మూడు వందల రూపాయలకే దొరికే ఈ చిన్న వస్తువును తోచినట్లు బిగిస్తే వేల రూపాయల విలువైన డ్యాష్‌బోర్డు పాడవుతుంది. ఎంత తుడిచినా పోని జిగురు మరక, గుండ్రంగా లేచిన ఉబ్బు, విరిగిన ఏసీ రెక్క... పాత కారు కొనేవారి చూపు ముందుగా పడేది వీటిపైనే. చాలా కార్లలో డ్యాష్‌బోర్డు పైభాగం ఒకే పెద్ద ముక్కగా ఉంటుంది. మచ్చ పడిన చోటు వరకే మార్చడం కుదరదు. మొత్తం విప్పాలంటే స్టీరింగు, ఎయిర్‌బ్యాగులు, వైరింగు అన్నింటినీ కదపాలి. కాబట్టి హోల్డరును అతికించే ముందే, రేపు దానిని ఎలా ఊడదీయాలో ఆలోచించుకోవడం అవసరం.

ఎండతోనే అసలు చిక్కు

హోల్డరు బరువు వల్ల డ్యాష్‌బోర్డు పాడవడం అరుదు. పాడుచేసేది వేడి. అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ, కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌డియాగో పరిశోధకులు ఎండలో నిలిపిన కార్లపై జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. బయట 38 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజుల్లో గంటసేపు ఎండలో ఉన్న కారులో గాలి సగటున 47 డిగ్రీలకు చేరగా, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీలకు కాగింది. నీడలో నిలిపిన కార్లలో సైతం డ్యాష్‌బోర్డు 48 డిగ్రీలకు చేరింది. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల మే నెలలో బయటే 44, 45 డిగ్రీలు నమోదవుతుంటాయి. అక్కడ మధ్యాహ్నం ఆరుబయట నిలిపిన కారులో డ్యాష్‌బోర్డుపై చేయి పెట్టి ఉంచడం ఎవరి తరమూ కాదు.

ఆ వేడికి రెండు మార్పులు జరుగుతాయి. చవక టేపులోని జిగురు మెత్తబడి ప్లాస్టిక్‌పై ఉన్న సన్నని గరుకు గాడుల్లోకి దిగుతుంది. రాత్రి చల్లబడి అక్కడే బిగుసుకుంటుంది. వేసవి అంతా ఇలా సాగితే ఆ టేపును చేత్తో లాగి తీయడం సాధ్యం కాదు. రెండోది, మెత్తటి పైపొర ఉన్న డ్యాష్‌బోర్డులకు సంబంధించినది. ఆ పొర చాలావరకు పీవీసీతో తయారవుతుంది. పొరను మెత్తగా ఉంచేందుకు అందులో కలిపే నూనె వంటి పదార్థం వేడికి పైకి ఊరి, జిగురుతో కలుస్తుంది. ఫలితంగా జిగురు బంకబంకగా మారుతుంది. దాని కింద ఉన్న భాగం మెరుపెక్కి, మిగిలిన డ్యాష్‌బోర్డుతో కలవని రంగులో కనిపిస్తుంది. ఈ మచ్చను ఏ రసాయనమూ పోగొట్టలేదు.

తమ కారు డ్యాష్‌బోర్డు ఏ రకమో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపలికి దిగి మళ్లీ పైకి వస్తే అది నురుగుపై పొర పరిచినది. రాయిలా కదలకుంటే గట్టి ప్లాస్టిక్. మన రోడ్లపై తిరిగే తక్కువ ధర కార్లలో ఎక్కువగా గట్టి ప్లాస్టికే ఉంటుంది. ఈ విషయంలో వాటి యజమానులే అదృష్టవంతులు. మెత్తటి పొర, కుట్లు వేసిన తోలు వంటి పొర, వెల్వెట్ లాంటి స్పర్శనిచ్చే రంగు పూసిన భాగాలు... వీటిపై ఏ రకమైన టేపూ అతికించకూడదు.

ఎయిర్‌బ్యాగ్ మూతపై వద్దే వద్దు

మరక పడితే పోయేది డబ్బు. చోటు తప్పితే ప్రాణానికే ముప్పు. కొత్తగా తయారయ్యే కార్లలో డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు మన దేశంలో 2019 జులై 1 నుంచి తప్పనిసరి అయింది. ఆ తర్వాత ముందు సీటు ప్రయాణికుడి వైపు కూడా తప్పనిసరి చేశారు. ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగు డ్యాష్‌బోర్డు ఎడమ భాగంలో, ఒక మూత కింద మడిచి ఉంటుంది. ప్రమాదం జరిగినప్పుడు సెకనులో ఇరవయ్యో వంతు కన్నా తక్కువ వ్యవధిలో మూతను చీల్చుకుని ఉబ్బుతుంది. ఆ మూతపై ఏది ఉన్నా అంతే వేగంతో మనిషి ముఖంపైకి దూసుకువస్తుంది.

కొన్ని కార్లలో ఈ మూత అంచులు గీతలా స్పష్టంగా కనిపిస్తాయి. మరికొన్నింటిలో పైకి ఏమీ కనిపించదు. ‘ఎస్ఆర్ఎస్ ఎయిర్‌బ్యాగ్’ అన్న అక్షరాలు ఎక్కడ ముద్రించి ఉన్నాయో చూసి, కారుతో ఇచ్చిన పుస్తకంలోని బొమ్మతో పోల్చుకోవాలి. పక్క తెర ఎయిర్‌బ్యాగులున్న కార్లలో ముందు అద్దానికి ఇరువైపులా ఉండే స్తంభాలనూ వదిలేయాలి. చార్జింగ్ తీగను వాటి మీదుగా లాగకూడదు.

ఈ హెచ్చరిక ఫోన్ హోల్డరుకే పరిమితం కాదు. మన కార్లలో డ్యాష్‌బోర్డుపై వినాయకుడో, వేంకటేశ్వరుడో, మేరీమాతో కొలువుండటం పరిపాటి. పూజ చేయించిన రోజునే డబుల్ సైడ్ టేపుతో అతికించిన ఆ విగ్రహం చాలా కార్లలో సరిగ్గా ఎయిర్‌బ్యాగు మూతపైనే ఉంటుంది. రాతి విగ్రహమైనా, ఇత్తడి విగ్రహమైనా దానిని డ్యాష్‌బోర్డు మధ్య భాగానికి మార్చుకోవడం మంచిది. మార్చే పద్ధతి హోల్డరు తీసే పద్ధతే.

చోటు ఎంచుకునేటప్పుడు మరో జాగ్రత్త కూడా ఉంది. ఫోన్ పై అంచు బానెట్ గీతను దాటి రోడ్డును కప్పకూడదు. స్పీడోమీటరుకు, ప్రమాద సూచిక లైట్ల మీటకు అడ్డు రాకూడదు. ఒకటో గేరు, మూడో గేరు వేసినప్పుడు చేయి ఫోన్‌కు తగలకూడదు. అట్టముక్కను ఫోన్ సైజులో కత్తిరించి, పెయింటర్లు వాడే పేపరు టేపుతో అనుకున్న చోట తాత్కాలికంగా నిలిపి, ఒక పూట బండి నడిపి చూస్తే లోటుపాట్లు బయటపడతాయి. ఆ టేపును మాత్రం అదే రోజు తీసేయాలి.

ఏ హోల్డరు దేనికి?

డ్యాష్‌బోర్డును అసలు తాకని హోల్డరు ముందు అద్దానికి అంటుకునే రబ్బరు కప్పుది. కప్పు లోపలి గాలి బయటకు పోతే బయటి గాలి పీడనం దానిని అద్దానికి నొక్కి ఉంచుతుంది. ఈ పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. ఏడు సెంటీమీటర్ల వ్యాసం గల కప్పుపై లెక్క ప్రకారం 38 కిలోల దాకా ఒత్తిడి పడుతుంది. 200 గ్రాముల ఫోన్‌కు అది చాలా ఎక్కువే. అయినా కప్పులు ఊడిపడుతుంటాయి. అంచు వద్ద దుమ్ము చేరడం, ఎండకూ రాత్రి చలికీ రబ్బరు సాగి ముడుచుకోవడం వల్ల గాలి కొద్దికొద్దిగా లోపలికి చేరుతుంది. అద్దాన్ని, కప్పును శుభ్రంగా తుడిచి, ఎండలో ఎక్కువసేపు బండి నిలిపే రోజున మీట వదులు చేసి తీసి ఉంచితే కప్పు చాలాకాలం మన్నుతుంది. అద్దానికి మరక పడినా తడిగుడ్డతో పోతుంది. చూపునకు అడ్డు రాకుండా కింది మూలనే అమర్చడం ముఖ్యం.

అదే కప్పును డ్యాష్‌బోర్డుపై అంటిస్తేనే చిక్కు. గరుకు తలంపై మామూలు కప్పు నిలవదు. అందుకని అడుగున జిగటగా ఉండే జెల్ పూసిన కప్పులు వచ్చాయి. గట్టి ప్లాస్టిక్‌పై వీటితో పెద్ద ఇబ్బంది లేదు. మెత్తటి పొరపై బిగిస్తే మాత్రం కప్పు నిరంతరం లాగడంతో, వేడికి మెత్తబడిన పొర కింది నురుగు నుంచి విడివడి పైకి లేస్తుంది. కొన్నాళ్లకు కప్పు తీసేసినా గుండ్రటి ఉబ్బు అలాగే మిగిలిపోతుంది. ‘కడిగి మళ్లీ వాడుకోవచ్చు’ అంటూ అమ్మే జెల్ పట్టీలు కూడా వేసవిలో నూనె మరక వదిలిపోతాయి.

ఏసీ వెంటుకు తగిలించేవి చవక, సులభం. చల్లగాలి తగలడంతో ఫోన్ వేడెక్కకపోవడం వీటితో అదనపు ప్రయోజనం. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలోనే వాడాలని ఆపిల్ సంస్థ చెబుతుంది. మ్యాపు, చార్జింగు, ఎండ మూడూ కలిస్తే ఏ ఫోన్ అయినా తెర వెలుగు తగ్గించుకోవడం సహజం. అయితే వెంటు రెక్కలు సన్నటి ప్లాస్టిక్‌వి. ఫోన్ బరువును అవి మోస్తాయి; ఫోన్‌ను హోల్డరులోకి నొక్కేటప్పుడు, ఒంటిచేత్తో లాగేటప్పుడు పడే బలాన్ని తట్టుకోలేవు. రెక్క ఒక్కటే విడిగా దొరకడం కష్టం, వెంటు మొత్తం కొనవలసి వస్తుంది. కొక్కెం రెక్క వెనుక నుంచి పట్టుకునేలా, కింద డ్యాష్‌బోర్డుకు ఆనుకునే కాలు ఉన్న హోల్డరును ఎంచుకోవాలి. కాలు ఆనే చోట చిన్న ఫెల్టు ముక్క అంటిస్తే గీతలు పడవు. ఫోన్ తీసే ప్రతిసారీ రెండో చేత్తో హోల్డరును పట్టుకోవాలి. 2018లో వచ్చిన స్విఫ్ట్ వంటి కార్లలో మధ్య వెంట్లు గుండ్రంగా ఉండి మొత్తంగా తిరుగుతాయి. వాటికి ఈ రకం నప్పదు.

కప్పు హోల్డరులో దిగేవి డ్యాష్‌బోర్డుకు ఏ హానీ చేయవు గానీ చూపు మరీ కిందికి దించవలసి వస్తుంది. సీడీ సందులో బిగించేవి పాత కార్లకే పనికొస్తాయి. స్వీడన్‌కు చెందిన బ్రోడిట్ వంటి సంస్థలు ఒక్కో కారు మోడలుకు తగ్గట్టు, ప్యానెళ్ల మధ్య సందులో ఇమిడే క్లిప్పులు తయారుచేస్తాయి. జిగురుపై ఎక్కువగా ఆధారపడని ఈ పద్ధతి మేలైనదే, ధర మాత్రం ఎక్కువ. వీటిని బిగించేటప్పుడు సందును స్క్రూడ్రైవరుతో తెరవకూడదు. ప్లాస్టిక్ పలక వాడాలి.

అయస్కాంతపు హోల్డర్లతో చిన్న చిక్కుంది. ఫోన్ వెనుక అంటించే ఇనుప రేకు వైర్‌లెస్ చార్జింగును అడ్డుకుంటుంది. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు బలమైన అయస్కాంతాలను ఛాతీకి దగ్గరగా ఉంచుకోకూడదు.

ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే పనిచేసే టచ్‌స్క్రీన్ కారులో ఉంటే ఇవేవీ అవసరం లేదు. మ్యాపు ఆ తెరపైనే కనిపిస్తుంది. ఫోన్‌ను అరలో పెట్టేయవచ్చు. ఈ సౌకర్యం తమ కారులో ఉందన్న సంగతే చూసుకోకుండా హోల్డరు కొనేవారూ ఉంటున్నారు.

టేపుతో అతికించవలసి వస్తే...

గట్టి ప్లాస్టిక్ డ్యాష్‌బోర్డుపై మంచి టేపు వాడితే నష్టం లేదు. త్రీఎం సంస్థ 1980లో తెచ్చిన వీహెచ్‌బీ రకం అక్రిలిక్ నురుగు టేపులు ఇందుకు అనువైనవి. నురుగు గరుకు తలానికి తగ్గట్టు ఒదుగుతుంది, వేడికి సులభంగా కారిపోదు. గోడలకు ఫొటోలు తగిలించేందుకు వాడే, లాగితే ఊడివచ్చే పట్టీలు కారులో పనికిరావు. అవి సుమారు 40 డిగ్రీల వరకే తట్టుకునేలా తయారవుతాయి.

అతికించినా నిలవడం లేదన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం టేపు కాదు, సర్వీసింగులో పూసే మెరుపు పాలిష్. అందులోని సిలికాన్ పొరపై ఏ జిగురూ పట్టదు. ముందు సబ్బు నీటిలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. ఆపై ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీరు సమపాళ్లలో కలిపి మైక్రోఫైబర్ గుడ్డతో ఆ చోటు వరకే తుడవాలి. ముందుగా కనిపించని మూలలో ఒక చుక్క వేసి, రంగు మారడం లేదని నిర్ధారించుకోవాలి. చేతులకు రాసుకునే శానిటైజరు ఇందుకు పనికిరాదు. అందులోని గ్లిజరిన్ జిడ్డుగా మిగులుతుంది.

అతికించే సమయానికి డ్యాష్‌బోర్డు మరీ కాగి ఉండకూడదు. పొద్దున్నే నీడలో చేయడం ఉత్తమం. టేపును తలంపై పెట్టి అర నిమిషం గట్టిగా నొక్కి ఉంచాలి. ఈ రకం టేపు పూర్తి పట్టులో సగం ఇరవై నిమిషాల్లో, 90 శాతం 24 గంటల్లో సాధిస్తుంది. పూర్తి బలం రావడానికి 72 గంటలు పడుతుంది. అంతవరకు ఫోన్ తగిలించకుండా ఆగాలి. చాలామంది ఇక్కడే తొందరపడి, ఊడిపోగానే ఫెవిక్విక్ అందుకుంటారు. అంతకు మించిన పొరపాటు లేదు. ఆ జిగురు ఆవిరి చుట్టూ తెల్లటి పొగమరకలా పేరుకుంటుంది. పట్టు వదిలించబోతే ప్లాస్టిక్ పెచ్చు లేచివస్తుంది. మర మేకులు బిగించడమూ తగదు. డ్యాష్‌బోర్డు వెనుక ఏసీ గొట్టాలు, ఎయిర్‌బ్యాగు తీగలు ఉంటాయి.

హోల్డరు చేయి పొట్టిగా ఉండటం మేలు. చేయి పొడవు రెట్టింపైతే గోతిలో పడ్డప్పుడు అడుగుభాగంపై పడే లాగుడూ దాదాపు రెట్టింపవుతుంది. టేపు ముందుగా లేచేది ఆ అంచు నుంచే.

తీసేటప్పుడు తొందర కూడదు

ఊడదీయడంలోనే డ్యాష్‌బోర్డులు ఎక్కువగా పాడవుతాయి. పట్టుకుని ఒక్కసారిగా పైకి లాగితే పొర కూడా వెంట వస్తుంది. హెయిర్ డ్రయ్యరును మధ్యస్థ వేడిలో ఉంచి, అర అడుగు దూరం నుంచి రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పుతూ వేడి చేయాలి. చేయి ఓర్చుకోగలిగినంత వేడి చాలు. తర్వాత గట్టి నైలాన్ దారాన్ని టేపు కిందికి చేర్చి, రంపంలా నెమ్మదిగా ముందుకూ వెనక్కూ లాగుతూ నురుగును మధ్యకు కోయాలి. చేపలు పట్టే గాలం దారమైనా సరిపోతుంది. చాకు, బ్లేడు వాడితే గీత పడక మానదు.

హోల్డరు చేతికి వచ్చాక మిగిలిన నురుగును బొటనవేలితో ఉండలుగా చుట్టి తీయాలి. సన్నటి జిగురు పొరపై కొబ్బరినూనె రాసి పావుగంట ఆగితే మెత్తబడుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, ఆ జిడ్డును సబ్బు నీటితో తొలగించాలి. ఇంకా మిగిలితే ఆల్కహాల్ మిశ్రమం వాడవచ్చు. పెట్రోలు, థిన్నరు, గోళ్ల రంగు తుడిచే ద్రవం దగ్గరికి రానివ్వకూడదు. ఇవి ప్లాస్టిక్‌నే కరిగించి, మరక స్థానంలో మొద్దుబారిన మచ్చను మిగులుస్తాయి.

చట్టం ఏమంటోంది?

హోల్డరు ఉన్నంత మాత్రాన ఫోన్ వాడకానికి అనుమతి దొరికినట్లు కాదు. చేత్తో పట్టుకునే ఫోన్లను బండి నడుపుతూ వాడటాన్ని మోటారు వాహనాల సవరణ చట్టం 2019 ప్రమాదకర డ్రైవింగులో చేర్చింది. 184వ సెక్షను కింద మొదటిసారికి వెయ్యి నుంచి ఐదువేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. మూడేళ్లలోపు మళ్లీ పట్టుబడితే జరిమానా పదివేలు, జైలు రెండేళ్ల వరకు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ 2020 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. చోదకుడి ఏకాగ్రత చెడని రీతిలో, దారి తెలుసుకోవడానికి మాత్రమే ఫోన్ వాడవచ్చని అది పేర్కొంది. హోల్డరులో ఫోన్ పెట్టి సినిమా పాటలు చూస్తూ నడపడం ఈ మినహాయింపులోకి రాదు.

తెలుగువారు అధికంగా స్థిరపడిన కాలిఫోర్నియాలో చట్టం ఇంకా సూటిగా ఉంది. ముందు అద్దానికి తగిలిస్తే డ్రైవరు వైపు కింది మూలలో ఐదు అంగుళాల చదరంలో, లేదా అవతలి వైపు కింది మూలలో ఏడు అంగుళాల చదరంలో మాత్రమే ఉండాలి. డ్రైవరు వైపు అమర్చే చోటు ఎయిర్‌బ్యాగు విచ్చుకునే పరిధిలో ఉండకూడదు. ఫోన్‌ను ఒక్క వేలి తాకిడితోనే వాడాలి. పిల్లల వద్దకు వెళ్లి అక్కడ కారు నడిపేవారు ఈ సంగతి గుర్తుంచుకోవడం అవసరం.

మచ్చ పడిపోయి ఉంటే...

గట్టి ప్లాస్టిక్‌పై పడిన తేలికపాటి గీతలు హెయిర్ డ్రయ్యరు వేడికి కొంతవరకు కలిసిపోతాయి. ఎక్కువ వేడి చేస్తే గరుకుదనం పోయి నున్నగా మారుతుంది కనుక కొద్దికొద్దిగా చేయాలి. ఉబ్బిన పొరను మాత్రం ఇంటి వద్ద సరిచేయడానికి ప్రయత్నించకూడదు. సూదితో గుచ్చి జిగురు ఎక్కిస్తే చుట్టూ ముడతలు పడతాయి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల సీట్లకు, తలుపులకు తొడుగులు కుట్టే పనివారు ఉంటారు. పెద్ద ఊళ్లలో డ్యాష్‌బోర్డు పొర మరమ్మతు చేసేవారు కూడా దొరుకుతారు. ముందుగా వారు చేసిన పని ఒకటి చూసి మాట్లాడుకోవడం మంచిది. మచ్చను కప్పేందుకు డ్యాష్‌బోర్డు మ్యాట్ పరచాలనుకుంటే ఎయిర్‌బ్యాగు మూత ఉన్న భాగాన్ని కత్తిరించి వదిలేసిన, తమ కారు మోడలుకు సరిపోయే మ్యాట్‌నే కొనాలి. మ్యాట్ వేశాక దానిపై హోల్డరు అతికించకూడదు. మ్యాట్ జారితే ఫోన్ కూడా దానితోపాటు స్టీరింగు కిందికి, పెడల్ల వద్దకు చేరుతుంది.